ద్రౌపది అడిగిన మాట

సార్వా కోతలు ముగిసే రోజుల్లో మండపేట నుంచి రామచంద్రపురం వెళ్లినా, తణుకు నుంచి పెనుగొండ వెళ్లినా రోడ్డుకు ఒక పక్క బళ్లు, మరో పక్క వడ్లు. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త చెవిన పడగానే బరకాలు అద్దెకు తెచ్చి కప్పుతారు. ఎండ కాయగానే తీసి తిరగబోస్తారు. రాత్రికి అక్కడే మంచం వేసుకుని కాపలా పడుకుంటారు. ప్రభుత్వం కొనే ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. దాటితే తరుగు తీస్తారు. దాటకపోయినా ఏదో వంక పెట్టి బస్తాకు ఇంత అని కోసుకునేవాళ్లు ఉన్నారని ఏటా గొడవే. ఆ గింజకు కాపలా కాసే మనిషి చాలాచోట్ల ఆ పొలం యజమాని కాదు, కౌలుదారు. పంట పండినా పండకపోయినా మక్తా బస్తాలు కొలిచి ఇవ్వాల్సిందే. చేను నీట మునిగితే పెట్టుబడి పోయేది అతనికి. నష్టపరిహారం మాత్రం భూమి ఎవరి పేర ఉందో వారి ఖాతాలో పడిన ఉదంతాలు డెల్టాలో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు.

ఇది ఎవరికీ తెలియని అన్యాయం కాదు. 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేశారు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. ఈ రెండో చట్టం కింద కార్డు రావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి. పెడితే పొలం మీద హక్కు పోతుందేమోనన్న భయంతో చాలామంది పెట్టరు. పట్టుబట్టి అడిగిన కౌలుదారుకు మరుసటేడు ఆ చేను దక్కదు. కాబట్టి అతను అడగడు. ఎవరైనా పక్కన కూర్చుని కదిలిస్తే, కష్టం అంతా చెప్పుకుని, చివర్న తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుంటూ "దేవుడున్నాడండి" అంటాడు.

ఉంటే మరి ఇదేమిటి అని ఆ మాట విన్నవారికి అనిపించక మానదు. ఇసుక ర్యాంపులో రాత్రంతా యంత్రాలతో తోడించినవాడు ఊళ్లో పెద్దమనిషి. చిట్టీల సొమ్ముతో పరారై కొన్నేళ్లకు కారులో తిరిగొచ్చినవాడికి సంబరాల్లో ముందు కుర్చీ. తన చేను చెరువుగా తవ్వించి పక్క రైతు మడిలోకి ఉప్పునీరు ఊరేలా చేసినవాడి పిల్లలు విదేశాల్లో చదువుతున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పైసా ముట్టకుండా రిటైరైన గుమాస్తాను సొంత కొడుకే "నాన్నా, నీ నిజాయితీతో మాకు ఏం ఒరిగింది" అని నిలదీస్తాడు. ఆ తండ్రి దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. ఆ రాత్రి పూజగదిలో దీపం ముందు కూర్చుని ఆయన దేవుణ్ణి అదే ప్రశ్న అడిగితే తప్పు పట్టవలసిందేమీ లేదు.

తప్పు లేదనడానికి మనకు పెద్ద సాక్ష్యమే ఉంది. అది రాజమహేంద్రవరంలోనే పుట్టింది. 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజ నరేంద్రుడి ఏలుబడి సుఖంగా సాగలేదు. సవతి సోదరుడు విజయాదిత్యుడితో సింహాసనం కోసం పదేపదే పోరు. చేతికొచ్చిన రాజ్యం జారిపోవడం అంటే ఏమిటో తెలిసిన రాజు ఆయన. ఆ రాజే తన కులబ్రాహ్మణుడైన నన్నయను పిలిచి, పాండవులు తన వంశం వారని చెప్పి, వారి కథను తెలుగులో రాయమన్నాడు. నన్నయకు నారాయణభట్టు తోడు నిలిచాడు. 1053 నాటి నందంపూడి శాసనం ఆ నారాయణభట్టుకు రాజు ఇచ్చిన అగ్రహారం గురించి చెబుతుంది. రాజ్యం పోగొట్టుకుని అడవుల పాలైన ధర్మాత్ముల కథను, రాజ్యం కోసం అన్నదమ్ముల పోరు అనుభవించిన రాజు సభలో కూర్చుని వినడం చిన్న విషయం కాదు. అరణ్యపర్వం చదువుతుండగా ఆయన ముఖం ఎలా మారి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఎందుకంటే ఆ పర్వం తొలి భాగంలోనే ద్రౌపది నోరు విప్పుతుంది. ద్వైతవనంలో ఒక సాయంత్రం. దంతపు ఆసనం మీద కూర్చున్న భర్త ఇప్పుడు దర్భాసనం మీద ఉన్నాడు. చందనం పూసుకున్న ఒంటి మీద దుమ్ము. భీముడు, అర్జునుడు అంతటివారు దుంపలు తవ్వుకు తింటున్నారు. హస్తినలో దుర్యోధనుడు హాయిగా ఉన్నాడు. ద్రౌపది ఇదంతా వరసపెట్టి చెప్పి, నీకు కోపం ఎందుకు రాదని ధర్మరాజును అడుగుతుంది. అన్ని వేళలా క్షమ పనికిరాదు, అన్ని వేళలా కాఠిన్యమూ పనికిరాదని ప్రహ్లాదుడు మనవడైన బలికి చెప్పిన మాటలు గుర్తుచేస్తుంది. అక్కడితో ఆగదు. నువ్వు తమ్ముళ్లనైనా, నన్నైనా వదులుకుంటావేమో గానీ ధర్మాన్ని వదలవు, మరి ఆ ధర్మం నిన్నెందుకు కాపాడటం లేదు అంటుంది. ప్రాణుల్ని బొమ్మల్లా ఆడించే విధాతదే ఈ తప్పంతా అయితే ఆ పాపం ఆయనకు అంటదా అని కూడా అంటుంది.

ఒక ఇల్లాలు దేవుణ్ణి ఇంత సూటిగా నిలదీసినందుకు కథలో ఎవరూ ఆమెను శపించలేదు. ఏ పిడుగూ పడలేదు. కృష్ణుడు ఆమెకు దూరం కాలేదు. సభలో చీర లాగినప్పుడు ఎవరిని పిలిచిందో ఆ దేవుడి మీద నమ్మకంతోనే ఆమె ఈ ప్రశ్న వేసింది. నమ్మనివాడికి ఈ ప్రశ్నే లేదు. పైన ఎవరూ లేరనుకుంటే దుర్యోధనుడి సుఖం, పాండవుల కష్టం కేవలం బలాబలాల లెక్క. ఉన్నాడని, న్యాయం తెలిసినవాడని నమ్మినవారికే ఇది గుండెల్లో ముల్లవుతుంది. భక్తులను ఓదార్చడానికి వెళ్లేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే మేలు. బాధలో ఉన్న మనిషి "దేవుడు గుడ్డివాడు" అన్నాడంటే దేవుడికి దూరమైపోయాడని అర్థం కాదు. ఇంకా ఆయనతోనే మాట్లాడుతున్నాడు.

ధర్మరాజు ఇచ్చిన జవాబు మనకు వెంటనే రుచించదు. దుర్యోధనుడు రేపే పడిపోతాడని ఆయన భార్యకు మాట ఇవ్వలేదు. ఫలం వస్తుందని ధర్మం చేయడం లేదన్నాడు. ఇవ్వవలసింది గనుక ఇస్తున్నాను, చేయవలసింది గనుక చేస్తున్నాను, ధర్మాన్ని పెట్టుబడిగా పెట్టి లాభం పిండుకోవాలనుకునేవాడు వర్తకుడు అన్నాడు. ఇంత పెట్టాను, నాకు ఇంత రావాలి అన్న లెక్క ఎంత లోతుగా మనలో ఉందో చూసుకుంటే ఆ మాట గుచ్చుకుంటుంది. నిజాయితీపరుడికి ఇల్లు, కారు, పిల్లలకు మంచి సంబంధాలు దక్కాలని మనం కోరుకునేది న్యాయమే. కానీ అవి దక్కనప్పుడు నిజాయితీయే వృథా అనుకుంటే, మొదట్నుంచీ మనం కోరుకున్నది ఏమిటి? ఆ గుమాస్తా కొడుకు అడిగిన ప్రశ్నకు ధర్మరాజు దగ్గర జవాబు ఉంది. ఒరగడం కోసం కాదు నాయనా, నేను అలా బతకదలచుకున్నాను గనుక. ఆ జవాబుతో కొడుకు తృప్తిపడతాడని చెప్పలేం. తండ్రికి మాత్రం నిద్ర పడుతుంది.

భీముడు తృప్తిపడలేదు. ద్రౌపదీ పూర్తిగా ఒప్పుకోలేదు. బాధ కొద్దీ అన్నానే గానీ దైవాన్ని దూషించాలని కాదంటూనే, చేతులు ముడుచుకు కూర్చుంటే ఏ పనీ కాదు, ప్రయత్నం మనిషి వంతు అని మళ్లీ మొదలుపెట్టింది. పదమూడు నెలలను పదమూడేళ్లుగా లెక్కగట్టి ఇప్పుడే యుద్ధానికి వెళదామన్నాడు భీముడు. ఇచ్చిన మాట ఇచ్చిన మాటేనన్నాడు అన్న. వాదనలో ఎవరు గెలిచారని వ్యాసుడు తేల్చలేదు. కానీ తర్వాత జరిగినది చూడండి. వ్యాసుడే వచ్చి విద్య ఉపదేశించాడు. అర్జునుడు తపస్సుకు వెళ్లి శివుడిని మెప్పించి పాశుపతం తెచ్చాడు. తక్కినవారు తీర్థాలు తిరిగారు, ఋషుల కథలు విన్నారు. ధర్మరాజు ఓర్పూ నిలిచింది, ద్రౌపది కోరిన ప్రయత్నమూ సాగింది. గడువు తీరేవరకు ఎదురుచూడటమంటే గడువు తీరాక ఏం చేయాలో దానికి సిద్ధపడటం కూడా అని ఆ కుటుంబం తమలో తాము పోట్లాడుకుంటూనే తెలుసుకుంది.

మన భాషకు సంబంధించిన విషయం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. నన్నయ భారతం అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగిపోయింది. పదమూడో శతాబ్దంలో నెల్లూరి తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టేదాకా, అంటే దాదాపు రెండు వందల ఏళ్లు, తెలుగు భారతంలో పాండవులు అడవిలోనే ఉన్నారు. తెలుగులో ద్రౌపది ప్రశ్న ఉంది. ధర్మరాజు జవాబు ఉంది. కురుక్షేత్రం లేదు. దుర్యోధనుడి తొడ విరగలేదు. ఇన్ని తరాల పాటు మన పూర్వులు తమ భాషలో ఈ కథను ఇంతవరకే చదువుకున్నారు. ముగింపు సంస్కృతంలో ఉందని పండితులకు తెలుసు. పురాణం చెప్పేవారి నోట మిగిలినవారూ వినే ఉంటారు. అయినా ఆ తాటాకు కట్ట దగ్గర మాత్రం కథ అడవిలో ఆగి ఉంది. మనలో చాలామంది జీవితాలు ఆ కట్ట లాంటివే. ధర్మం గెలుస్తుందని విన్నాం, నమ్ముతున్నాం. మన చేతిలో ఉన్న ఆకుల్లో మాత్రం ఆ ఘట్టం ఇంకా రాలేదు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన ఆ మధ్య భాగం పూరించి, దాన్ని కూడా నన్నయ రాసినట్టుగానే రాజరాజ నరేంద్రుడికే అంకితం చేశాడు. పని చేసినవాడు తన పేరు కోరుకోలేదు.

గోదావరి వెంట ఎగువకు వెళితే, ద్రౌపదిలాగే దేవుణ్ణి నిలదీసిన మరొకరి కథ ఉన్న భద్రాచలం వస్తుంది. 1959 దాకా అది తూర్పు గోదావరి జిల్లాలోదే. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న శిస్తు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి గోల్కొండ కోటలో ఖైదీ అయ్యాడు. పన్నెండేళ్లని చెప్పుకుంటారు. ఖజానా సొమ్ము అనుమతి లేకుండా ఖర్చుపెట్టడం నేటి లెక్కలో నేరమే కదా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయనక్కర్లేదు. కానీ ఆయన దాచుకోలేదు, తిని కూర్చోలేదు, దెబ్బలు పడినప్పుడు ఇంకొకరి మీదకు నెట్టలేదు. చెరసాలలో ఆయన కట్టిన కీర్తనలు చూస్తే, రామదాసుగా మనం పిలుచుకునే ఆ గోపన్న ఎంత స్వేచ్ఛగా రాముడితో జగడమాడాడో తెలుస్తుంది. సీతమ్మకు, తమ్ముళ్లకు చేయించిన ఒక్కో నగ పేరు, దానికైన వరహాలు ఏకరువు పెట్టి, అవన్నీ ఎవరబ్బ సొమ్మని పెట్టుకుని తిరుగుతున్నావని గద్దించాడు. ఆ వెంటనే దెబ్బలకు తాళలేక తిట్టాను, ఏమీ అనుకోకని బతిమాలాడు. మూడు వందల ఏళ్లుగా మన ఆడవాళ్లు ఆ రెంటినీ ఒక్క పాటగా పాడుతున్నారు. తిట్టునూ, వేడుకోలునూ విడదీయలేదు.

గోల్కొండ సంగతి కూడా చెప్పాలి. సుల్తాను తానాషా మంత్రులైన అక్కన్న, మాదన్నలను చంపేశారు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో కోట ఔరంగజేబు వశమైంది. తానాషాను దౌలతాబాదు కోటలో బంధించారు. అక్కడే పోయాడు. గోపన్నను చెరలో పెట్టినవాడికి చెర తప్పలేదని, దేవుడి తీర్పని చెప్పేవారు ఉన్నారు. అలా అనడానికి నోరు రాదు. ఆ ముట్టడిలో ఆకలికి, రోగానికి పోయిన వేలమంది ఎవరికి ఏ ద్రోహం చేశారు? చెడ్డవాడు పడినప్పుడల్లా దాన్ని దైవన్యాయంగా చూపించబోతే, మంచివాడు పడినప్పుడు ఏం చెప్పాలో తెలియక నీళ్లు నములుతాం. దైవం లెక్కలు మనకు అందినంత మేర మాత్రమే చెప్పుకోవడం భక్తికి లోటు కాదు.

డెల్టాలో ఈ ప్రశ్న అడిగే మరో చోటు ఉంది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో మొదలుపెట్టిన సువార్త పని తర్వాతి కాలంలో పేటపేటకూ పాకింది. ఆదివారం ఉదయం ఉతికిన బట్టలు కట్టుకుని, బైబిలు చేత పట్టుకుని కాలువ గట్ల మీద నడిచి వెళ్లే కుటుంబాలు తరాలుగా చదువుకుంటున్న కీర్తనల్లో 37వది, 73వది ఈ బాధ గురించే. ఆసాపు పేర ఉన్న 73వ కీర్తనలో ఎంత నిజముందో! దుష్టుల సంపద చూసి నాకు అసూయ కలిగింది, నా కాళ్లు జారబోయాయి, ఇన్నాళ్లూ మనసు శుభ్రంగా ఉంచుకున్నది వ్యర్థమేనా అనిపించింది, దేవుడి పరిశుద్ధ స్థలంలోకి వెళ్లేదాకా ఇది తలకు మించిన భారమైంది అని ఆ భక్తుడు దాచకుండా ఒప్పుకుంటాడు. అన్యాయం మనకు చేసే రెండు హానుల్లో రెండోది ఇదే. మొదటిది మన సొమ్ము తీసుకుపోతుంది. రెండోది మనల్ని కూడా అలాగే అయితే బాగుండుననిపిస్తుంది. మొదటిది ఆపడం ఒక్కోసారి మన చేతుల్లో ఉండదు. రెండోదాని నుంచి కాపాడమనే ఎక్కువమంది ప్రార్థించాలి.

37వ కీర్తనలో సాధువులకు భూమి దక్కుతుందన్న భరోసా ఉంది. తాత కాలం నుంచి సెంటు పొలం లేక ఇతరుల చేలల్లో ఊడ్చి, కోసి, నూర్చిన కుటుంబాలు, చివరికి శ్మశానానికి కూడా జాగా కోసం అర్జీలు పెట్టుకున్న కుటుంబాలు ఆ కీర్తన పాడుతుంటే మిగిలినవాళ్లం తల వంచి వినాలి. వారి నమ్మకం చూసి ముచ్చటపడి ఊరుకుంటే చాలదు. ఆ భూమి పరలోకంలో అని సర్దిచెప్పడం భూమి ఉన్నవారికి చాలా తేలిక. "దేవుడే చూసుకుంటాడు" అని నష్టపోయిన మనిషి అంటే అది ప్రార్థన. సాయం చేయగల స్థితిలో ఉన్న తహసీల్దారో, పెద్దరైతో, పత్రికవారో అంటే పని ఎగ్గొట్టడం. కౌలుదారు పేరు ఊరి రికార్డులోకి ఎక్కించడానికి దేవుడు దిగిరానక్కర్లేదు. ఒక యజమాని సంతకం, ఒక ఉద్యోగి చిత్తశుద్ధి చాలు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని పంట విరామం ప్రకటించారు. ఆ మాగాణుల్ని బీడు పెట్టినవారు దేవుడి మీద నమ్మకం పోయి అలా చేయలేదు. నష్టానికి తలవంచి ఊరుకోవడమే ఓర్పు అనుకోలేదు, అంతే.

తలవంచని ఓర్పు ఎలా ఉంటుందో చూపించిన ఒక ఇల్లు రాజమండ్రిలో ఉంది. కందుకూరి వీరేశలింగం 1874లో "వివేకవర్ధని" పెట్టి కచేరీల్లో లంచాల గురించి పేర్లకు జడవకుండా రాశారు. విగ్రహాలకు మొక్కకపోయినా ఆయన గట్టి ఆస్తికుడు. ప్రార్థన సమాజం నడిపారు. 1881 డిసెంబరు 11న తన ఇంట్లో మొదటి వితంతు వివాహం చేయించారు. ఊరు వెలివేసింది. వంటవారు మానేశారు. నీళ్లు మోసేవారు రాలేదు. ఈ కథ చెప్పేటప్పుడు మనం పంతులుగారి ధైర్యం దగ్గరే ఆగిపోతాం. నీళ్లు ఎవరు తెచ్చారు? ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. బిందె తీసుకుని గోదావరికి వెళ్లి తెచ్చేది. పెళ్లికి వచ్చినవారికి తనే వండిపెట్టింది. పుట్టింటి వైపు, అత్తింటి వైపు బంధువులు దూరమైనా మనసు మార్చుకోలేదు. రేవులో తోటి ఆడవాళ్లు ముఖం తిప్పుకున్న ఆ రోజుల్లో ఆమె ఏం అనుకుందో మనకు తెలియదు. అన్యాయం చేసినవాళ్లు గుళ్లలో గౌరవాలు అందుకుంటుంటే, పన్నెండేళ్ల పిల్లకు మళ్లీ బొట్టు పెట్టించినందుకు తనకు గుక్కెడు నీళ్లు పోసేవారు లేకపోవడం ఏ దేవుడి న్యాయమని ఆమె అడిగి ఉండవచ్చు. అడిగినా అడగకపోయినా మర్నాడు మళ్లీ బిందె ఎత్తుకుంది.

ఆమె 1910లో పోయింది, ఆయన 1919లో. అప్పటికీ వితంతువుల కష్టం తీరలేదు. ఆయన చేయించిన పెళ్లిళ్లు సుమారు 40. దేశంలోని బాల వితంతువుల సంఖ్య ముందు అది ఎంత? హితకారిణీ సమాజం పెట్టి ఆస్తి అంతా దానికి ఇచ్చేశారు. ఆ ఇంటిని వెలివేసిన నాటి పెద్దలకు ఏ శిక్షా పడలేదు. గౌరవంగా బతికి, గౌరవంగా పోయారు. ఇది గుర్తుంచుకోవడం అవసరం. దేవుణ్ణి నమ్మి మంచి చేసినవాళ్లు తమ కళ్లతో ఫలితం చూసిన సందర్భాలే ఎంచుకుని చెబితే, చూడకుండా పోయినవాళ్లను మోసం చేసినట్టు. రాజ్యలక్ష్మమ్మ చూడలేదు.

అలాగే కొన్ని చోట్ల జవాబు వెతకకపోవడమే మర్యాద. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజు తెల్లవారి రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో పాతిక మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఎవరూ తప్పు చేయడానికి వెళ్లలేదు. పితరులకు పిండం పెట్టడానికి, మూడు మునకలు వేయడానికి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చారు. తోసుకుని ముందుకెళ్లినవాడు స్నానం చేసి ఇంటికి పోయాడు. బిడ్డ చేయి పట్టుకుని వరసలో నిలబడ్డ తల్లి మెట్ల మీదే పోయింది. ఆ రోజు "విధి రాత", "పుణ్యక్షేత్రంలో పోయారు, స్వర్గానికి వెళ్లారు" అన్న మాటలు చాలా వినిపించాయి. బాధితుల కుటుంబాలు తమను తాము ఓదార్చుకోవడానికి అలా అనుకుంటే కాదనడానికి మనమెవరం? కానీ గేట్లు ఎందుకు ఆలస్యంగా తెరుచుకున్నాయి, అంతమందిని ఒక్క రేవుకు ఎందుకు రానిచ్చారు అన్న ప్రశ్నలకు విధి జవాబు కాదు. దేవుడి పేరు అడ్డుపెట్టి మనిషి బాధ్యతను దాచడం భక్తి వేషం కట్టిన అన్యాయమే.

ఈ మాటే గుళ్లకూ, చర్చిలకూ, మసీదులకూ చెప్పాలి. చందా ఇచ్చినవాడి పేరు పాలరాతి మీద చెక్కించే ముందు ఆ సొమ్ము ఎలా వచ్చిందని కమిటీలు ఒక్కసారైనా అడుగుతున్నాయా? వందమంది చిట్టీ డబ్బు ఎగ్గొట్టినవాడు ధ్వజస్తంభానికి తొడుగు చేయిస్తే, ఆ వందమందిలో ఒకరు రేపు ఆ గుడికి వచ్చి ఎవరికి మొక్కాలి? లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ గడప తొక్కినవారికి కూడా కులం అడగకుండా అన్నం పెట్టారు. 1909లో కన్నుమూసిన ఆ తల్లి పేరు ఇప్పుడు బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి పెట్టుకున్నాం. ఆమె ఏ ఫలకం మీదా పేరు కోరలేదు. చెడు చేసినవారికి లోకం ఇచ్చే గౌరవంలో సగం మనం ఇచ్చేదే. కనీసం దేవుడి ముంగిట్లో ఆ గౌరవం మానుకుంటే, "దేవుడు ఎందుకు ఊరుకుంటున్నాడు" అని అడిగే హక్కు మనకు కాస్త పెరుగుతుంది.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. 2015లో అమ్మనో, అక్కనో పోగొట్టుకున్న ఇళ్ల నుంచి కూడా మనుషులు వస్తారు. పన్నెండేళ్ల తర్వాత అదే నదికి, అదే దేవుడి దగ్గరకు, వాళ్లకు జవాబు దొరక్కపోయినా వస్తారు. ఏ రేవుకు ఎంతమంది, ఏ దారిన పంపాలి, ముసలివారు ఎక్కడ కూర్చోవాలి, ప్రముఖుల స్నానాలు ఎక్కడ పెడితే జనం ఆగిపోకుండా ఉంటారు అన్న లెక్కలు వేయడానికి ఇంకా సమయం ఉంది. ఆ లెక్కలు వేసి, జనం ముందు పెట్టి, తప్పు జరిగితే ఎవరిని అడగాలో వాళ్ల పేర్లు ముందే ప్రకటించాలి.